లేడీస్ సెట్

ఆ ముసలాయన బాణం తోక తెచ్చి కీర్తి గుండె మీద ఆనించాడు.

కీర్తి చటుక్కున వెనక్కి జరిగింది. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

రాయచూరు స్టేషన్ రోడ్డులోని ఆ ఆటసామాన్ల దుకాణానికి ఆమె విల్లు కొనుక్కోవడానికి వచ్చింది. శక్తినగర్ థర్మల్ స్టేషన్ ల్యాబులో కెమిస్టు. ఉద్యోగుల పోటీల్లో ఈ ఏడు ఆడవాళ్ల విలువిద్య జట్టు కూడా ఉంటుందనగానే, ఈ వయసులో నీకెందుకని పక్క క్వార్టర్ల వాళ్లు నవ్వినా, పేరిచ్చేసింది. భర్త సతీశ్ బైకు మీద తీసుకొచ్చాడు.

వాళ్లు వచ్చేటప్పటికే ముసలాయన దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నోటికి అడ్డంగా మాసిన తువ్వాలు. దాని అంచు తడిసి పసుపుపచ్చగా చారలు కట్టింది. ఆయన కదిలినప్పుడల్లా ఏదో కుళ్లిన వాసన లోపలికి కొడుతోంది. కీర్తి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

యజమాని ప్రాణేశ్‌కి ఆ వాసన అలవాటేమో, రెండు కొసల్లో చిన్న చక్రాలున్న కాంపౌండ్ విల్లు తీసి చూపించాడు.

"కొత్తగ నేర్సుకునేటోళ్లకు ఇదే మంచిది మేడం. మొదలు గుంజేటప్పుడే బరువు. ఎనకకు వచ్చినంక అల్కగ అయితది."

"మరి బాణాలు?"

గులాబీ రంగు ఈకలున్న కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.

"లేడీస్ సెట్. ఆడోళ్లకు గివే సరిపోతయి. ముద్దుగ ఉంటయి."

ముద్దుగా అంటూ నవ్విన నవ్వు కీర్తికి నచ్చలేదు. అయినా ఒక బాణం తీసి చేతిలో పట్టుకుని చూసింది.

సరిగ్గా అప్పుడే ముసలాయన లోపలికొచ్చాడు. ఆమె చేతుల వంక ఎగాదిగా చూశాడు. తన చేతులు రెండూ ముందుకు చాపి, నువ్వూ అలా చాపమన్నట్టు సైగ చేశాడు. ఆమె బిగుసుకుపోయి నిలబడింది. ఆయన ఆమె చేతిలోని బాణం లాక్కున్నాడు. దాని తోక తెచ్చి ఆమె గుండె మీద ఆనించాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు సతీశ్.

"సూగప్పా, హొరగ నడి," అని ప్రాణేశ్ కన్నడంలో కసిరాడు.

ముసలాయన బయటికి పోలేదు. మళ్లీ ముందుకొచ్చి కీర్తి మణికట్టు పట్టుకుని చెయ్యి సాగదియ్యబోయాడు. తువ్వాలు చాటు నుంచి మాట ముద్దగా వచ్చింది.

"పొట్టి... పొట్టి..."

కీర్తి పొట్టిదే. బడిలో, కాలేజీలో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా ఆ మాట పడింది.

"ఒంటి మీద చెయ్యి వేసింది చాలక వెక్కిరింపు కూడానా? ఛీ," అంది.

సతీశ్ ఆయన్ని రెండు చేతులతో నెట్టాడు. ముసలాయన మెట్ల మీద పడ్డాడు. తువ్వాలు ఊడిపోయింది.

కింది దవడ ఒక పక్క లేదు. అది ఉండాల్సిన చోట పుండు, దాని మీంచి కారుతున్న చొంగ.

కీర్తి గోడ వైపు తిరిగి వాంతి ఆపుకుంది.

"పట్టించుకోకుండ్రి మేడం," అన్నాడు ప్రాణేశ్. "పిచ్చోడు. ఆడపిల్లలు బాణాలు కొననీకి వస్తే సాలు, గిట్లనే మీద పడ్తడు. ఎన్నిసార్లు ఎల్లగొట్టినా మల్లొచ్చి కూసుంటడు."

ముసలాయన తడుముకుంటూ తువ్వాలు అందుకుని నోటికి చుట్టుకున్నాడు. ప్రాణేశ్ సంచిలో పెడుతున్న బాణాల కట్ట వంక కాసేపు చూశాడు. తర్వాత దెబ్బ తగిలిన మోచెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి రాగానే కీర్తి మణికట్టు ఎర్రబడేదాకా సబ్బుతో తోమింది. ఆ రోజు తొడుక్కున్న కుర్తా చెత్తబుట్టలో పడేసింది.

విలువిద్య నేర్పే నేత్ర సెలవులో ఉండడంతో సాధన మొదలయ్యేసరికి నెల దాటింది. గిల్లేసూగూరు నుంచి వచ్చే అమ్మాయి ఆమె. మొదటి రోజు కాలనీ మైదానంలో కీర్తి విల్లుకి బాణం తొడగబోతుంటే పరుగున వచ్చి ఆపింది.

"ఆగుండ్రి. ఆ బాణం ఇటియ్యుండ్రి."

బాణం తోక కీర్తి గుండె మీద ఆనించింది.

"రెండు చేతులు ముంగటికి చాపుండ్రి."

కీర్తి చాపింది. బాణం మొన ఆమె వేళ్ల దాకా కూడా రాలేదు.

"మొన ఏళ్లు దాటి బయటికి రావాలె. గివి చిన్నపిల్లలయి మేడం, మీకు పొట్టిగయినయి. తాడు గుంజితే మొన విల్లు లోపటికి జారుతది. ఇడిస్తే గురికి పోదు, మీ ఎడమచేతిల దిగుతది. అమ్మినోడు చెప్పలేదా?"

కీర్తి చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఆయన పొట్టి అన్నది బాణాన్ని.

సబ్బుతో తోముకున్న ఆ చెయ్యి తన ఒంటికి అంటుకుని ఉండడమే రోతగా తోచింది.

"అమ్మినవాడు చెప్పలేదు. అక్కడ ఇంకొకాయన ఇలాగే కొలిచి చూపించబోయాడు," అంది మెల్లగా. "నోటికి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. మాట సరిగ్గా రాదు. మా ఆయన నెట్టేశాడు. నేను ఛీ అన్నాను. రేపే వెళ్లి ఆయన్ని క్షమించమని అడుగుతాను."

నేత్ర చేతిలోని బాణం మెల్లగా గడ్డి మీద పెట్టింది.

"ఇంగ ఆయన లేడు మేడం. పోయిన నెల పోయిండు. ఆఖరి దినాల్ల ఆ దుకాణం దిక్కే పోనంటుండె. ఎందుకో తెల్వకుండె, ఇప్పుడు తెలిసింది."

"ఎవరాయన?"

నేత్ర ఎడమ అరచెయ్యి తెరవబోయింది. రెండు వేళ్లు తెరుచుకోలేదు. మిగిలిన వేళ్ల మధ్య, అరచేతిలో, లోతుగా గుంటపడిన మచ్చ కనిపించింది.

"నాకు మొట్టమొదలు గసుంటి బాణాలే కొనిచ్చినోడు మేడం, మా నాయిన."