మూడు వందల ఏళ్ళ చెక్క

"తలుపు తియ్యుండ్రి సార్. మా బావ పడిపోయిండు."

మల్లన్న అరవలేదు. అరిచే ఓపిక అతనికీ లేదు. సిమెంటు నేల మీద నర్సింగ్ వెల్లకిలా పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట మాత్రం ఆగిపోయింది. పొద్దుటి నుంచీ బావా బావమరుదులిద్దరూ ఆ పోర్టా క్యాబిన్ రేకుల గది తలుపుకు చెరో పక్కా నిలబడి కాపలా కాస్తున్నారు. లోపల ఏసీ గురగురమంటోంది. మనుషులెవరూ లేరు, ఒక వయొలిన్ పెట్టె ఉంది.

గల్ఫ్‌లోని అల్ వక్రాలో కొత్తగా కట్టిన హాల్లో రేపు కచేరీ. హాలు ఏసీ ఇంకా సరిచేస్తున్నారని పెట్టెను వెనక ఖాళీ స్థలంలో ఈ క్యాబిన్‌లో ఉంచారు. కనుచూపు మేరలో నీడ లేదు. మధ్యాహ్నం ఎండలో మనుషుల చేత పని చేయించకూడదన్న రూలు జూన్ నుంచి మొదలవుతుంది. ఇది మే నెల. ఆ సంగతి ఎండకు ఎవరూ చెప్పలేదు.

సుధాకరరావు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. కంపెనీలో అతను సేఫ్టీ ఆఫీసరు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. ఐసు తెమ్మని పికప్‌ని పంపించాడు. చేతిలోని సీసా నీళ్ళన్నీ నర్సింగ్ తల మీద పోశాడు. చేయగలిగినవన్నీ చేశాడు, తలుపు తీయడం తప్ప. నిప్పంటుకుంటే తీయమని ఇచ్చిన తాళంచెవి అతని జేబులోనే ఉంది.

"వేడిగాలి లోపలికి కొడితే చెక్క పగిలిపోతుంది మల్లన్నా. అది మామూలు వయొలిన్ కాదు. స్ట్రాడివారి చేసింది."

"గాయనెవరు?"

"ఇటలీలో వయొలిన్లు చేసిన మహానుభావుడయ్యా. మూడొందల ఏళ్ళ కిందటి మాట. తొంభై దాటినా ఉలి కింద పెట్టలేదు. ఆయన చేతి పనితనం కన్న కొడుకులకే పట్టుబడలేదు. అలాంటి వయొలిన్ మళ్ళీ పుట్టదు."

"మా బావ పుడతడా సార్?"

సుధాకరరావు చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నవాడు. దసరాకి దాన్ని దేవుడి దగ్గర పెట్టి, బొట్టు పెట్టి పూజ చేస్తాడు. పొద్దున ఈ తలుపు ముందు కూడా బూట్లు విప్పి దండం పెట్టుకున్నాడు. లోపలున్నది అతనికి సాక్షాత్తూ సరస్వతి. భక్తి ముదిరితే మనిషి కళ్ళ ముందున్నవాణ్ణి చూడలేడు.

"గాయన గోరీని గూడ గిట్లనే సల్లగ పెట్టిన్రా?" అన్నాడు మల్లన్న.

"లేదు. సమాధి ఉన్న చర్చిని కూల్చేశారు. ఎముకలు ఎక్కడ కలిసిపోయాయో ఎవరికీ తెలీదు."

"చేసినోని బొక్కలు పారేసిన్రు. చేసిన కట్టెకు ఏసీ పెట్టిన్రు."

నర్సింగ్ పెదాలు కదిలాయి. మల్లన్న వంగి చెవి పెట్టాడు.

"ఏంది బావా?"

"డ్యూటీ అయిపోయిందా?" అని అడుగుతున్నాడు నర్సింగ్.

మల్లన్న లేచి పక్కనే పడి ఉన్న ఇనుప రాడ్డు అందుకున్నాడు. సుధాకరరావు రెండు చేతులూ అడ్డం చాపాడు. అతని చొక్కా కూడా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ముందు నన్ను కొట్టు, తర్వాత తలుపు పగలగొట్టు. ఇద్దరం జైల్లో కూర్చుందాం. అప్పుడు మీ రాణక్కకి ఎవరు దిక్కు? నీ బావ ఆసుపత్రిలో, నువ్వు జైల్లో. కాస్త ఆలోచించవయ్యా. అంబులెన్స్ దారిలో ఉంది. రెండే రెండు నిమిషాలు."

మల్లన్న చెయ్యి వాలిపోయింది. జైలంటే భయపడేవాడు కాదు. అక్క పేరు వినేసరికి భయపడ్డాడు. రాడ్డు పారేసి, తన నీడ బావ ముఖం మీద పడేలా నిలబడ్డాడు. అతను ఇవ్వగలిగిన చల్లదనం అంతే.

అంబులెన్స్ వచ్చింది, కానీ గేటు దగ్గర ఆగిపోయింది. విలువైన వస్తువు లోపలుందని ఆ రోజు పాసు లేని ఏ బండినీ వదలడం లేదు. ఆ పాసేదో తేలి బండి క్యాబిన్ దాకా వచ్చేసరికి నర్సింగ్ ఏమీ అడగడం లేదు.

నస్రీన్ అనే హైదరాబాదు నర్సు దిగి నాడి చూసింది. కనురెప్పలెత్తి చూసింది. ఆపైన గురగురమంటున్న ఏసీ వైపు చూసింది.

"ఇంత ఠండా రూము పక్కల పెట్టుకొని ఎండల పండబెట్టిన్రేంది?"

ఆమె దుప్పటి తెచ్చి నర్సింగ్ ముఖం మీదుగా కప్పింది.

సాయంత్రం ఇన్సూరెన్స్ అధికారి వచ్చి తలుపు సీలు తెంపాడు. సుధాకరరావు వెనకే వెళ్ళాడు. మల్లన్న గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి చల్లగాలి ముఖానికి తగలగానే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. సుధాకరరావుకూ కళ్ళు తడిశాయి. ఒక ప్రాణం ఖరీదు పెట్టి కాపాడినదాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలనుకున్నాడు. పెట్టె మూత ఎత్తాడు.

మఖమలు గుడ్డ మీద ఒక ఇసుక సంచీ ఉంది.

"వయొలిన్ ఏది సార్?" అని అడిగాడు సుధాకరరావు.

"ఇది దొంగల కోసం. ఖరీదైన వస్తువు వస్తే ఇలా ఒక ఉత్తుత్తి పెట్టెకి కాపలా పెట్టడం మాకు అలవాటే," అన్నాడు అధికారి కాగితాల మీద సంతకం చేస్తూ. "అసలుది నిన్ననే వచ్చేసింది. వాయించే ఆవిడే ఎయిర్‌పోర్టు నుంచి ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో తెచ్చుకుంది. పాపం, ఆ టాక్సీలో ఏసీ కూడా పనిచేయలేదట."