వెంగమ్మ దొన్నెలు

“ఇది నీదేనా?” అని అడిగాడు అటవీ శాఖ బీటు ఆఫీసరు వరప్రసాదం.

అతని అరచేతిలో చిన్న తెల్ల ప్లాస్టిక్ గిన్నె. తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య కూర్చునేది. తుపాకీ పేలగానే గొట్టంలోంచి ఎగిరి చేలో పడుతుంది. ఎవరైనా దాన్ని అక్కడే వదిలేస్తారు. వెంగమ్మ వదలదు. ఏరి తెచ్చి మళ్లీ వాడుతుంది. వాటికి ఆమె పెట్టుకున్న పేరు దొన్నెలు.

“నాదే,” అంది వెంగమ్మ. ఇంటి అరుగు మీద కూర్చుని చెరుగుతున్న చేట కూడా కింద పెట్టలేదు.

“సరిగ్గా చూసి చెప్పమ్మా.”

“చూసేదేంది? అడుగున మేకుతో గీసిన గీతలు లేవా? ఎన్నిసార్లు కాల్చినానో అన్ని గీతలు. నా దొన్నె నాకు తెలీదా?”

వరప్రసాదం వెనక నిలబడ్డ సురేశ్‌బాబు ముఖం వెలిగిపోయింది. పక్క చేను ఆసామి.

“చూసినారా సార్! ఒప్పుకునింది. అడవిపందిని కొట్టి నా కంచె పక్కన పడేసింది. ఇది దాని పక్కనే దొరికింది. మా గట్టు మీద మేకలోళ్లు నడుస్తారు, బడి పిల్లోళ్లు నడుస్తారు. రేపు వాళ్లలో ఎవురికి తగలతాదో! ముందు ఆ తుపాకీ లాక్కోండి.”

అదీ అతగాడి అసలు బాధ. ఉదయగిరి కొండ కింద, వరికుంటపాడు దారిలో వెంగమ్మకు రెండెకరాల వేరుశనగ ఉంది. పెరకడానికి ఇంకా మూడు వారాలు. తుపాకీ పోతే ఈ మూడు వారాల్లో అడవిపందులు చేనంతా తవ్విపోస్తాయి. పంట పోతే ఆ రెండెకరాలు సురేశ్‌బాబుకు అమ్ముకోక తప్పదు. అతను ఆ రోజు కోసమే కాచుకుని కూర్చున్నాడు.

వెంగమ్మ సామాన్యురాలు కాదు. మొగుడు కామయ్య పోయాక, ఆత్మకూరు ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగి తుపాకీ లైసెన్సు తన పేరున రాయించుకుంది. ఆడమనిషికి తుపాకీ ఏంటని నవ్వినవాళ్ల ముందే భుజాన వేసుకుని బస్సెక్కింది. ఏటా కాయ ఊరింది మొదలు పెరికేదాకా, రోజూ పొద్దుగూకే వేళ రెండు తూటాలు పేలుస్తుంది. తెల్లారి సాళ్లన్నీ వెతికి దొన్నెలు ఏరుకుంటుంది. కుంకుడు రసంలో కడిగి ఆరబెట్టి, మళ్లీ తూటా కడుతుంది. నాలుగేళ్లుగా అవే ఇరవై నాలుగు దొన్నెలు.

ఈ నాలుగేళ్లలో పంది ఆమె చేలో మూతి పెట్టలేదు. చచ్చిన పంది ఒక్కటీ కనబడకపోయినా, దెబ్బ తిన్నవి కొండలోకి పోయి చస్తాయిలే అని ఊరు సరిపెట్టుకుంది. పందులే కాదు, ఒకసారి సురేశ్‌బాబు హద్దురాయి జరపబోతే, “రాయి మీద చెయ్యి పడిందా, నీకూ ఒకటి పడతాదిరా!” అని గురి పెట్టింది. ఒక చెప్పు అక్కడే వదిలి పరిగెత్తాడు మహానుభావుడు.

అప్పుడే కిరాణా కొట్టు గోపాలయ్య సైకిలు మీద సరుకులు తెచ్చాడు. కందిపప్పు, ఉప్పు, రెండు కిలోల ఉప్మారవ్వ. సంచి దించి, ఆఫీసరు చేతిలోని దొన్నె వంక చూశాడు.

“ఒక్కసారి పేలితేనే ఇవి చీలికలైపోతాయంట గదక్కా. నీయి ఎట్టా నిలస్తాయి?”

“నీకు చెప్పి కాల్చాలా? సంచి లోపల పెట్టిపో!” అని కసిరింది వెంగమ్మ. తర్వాత వరప్రసాదం వైపు తిరిగింది.

“సోమవారం నుంచి ఒక దొన్నె కనపళ్లా సార్. సాళ్లన్నీ గాలించినాను. ఏ దొంగ నాయాలు ఎత్తుకుపోయినాడో ఇప్పుడు తెలిసింది. ఒక పని చెయ్యి. డాక్టర్ని పిలిపించి ఆ పందిని కోయించు. లోపల గుండు ఒక్కటంటే ఒక్కటి దొరికినా, తుపాకీ నేనే మోసుకొచ్చి నీ జీపులో పెడతా.”

“అంత ధైర్యమా? నీ గురి తప్పదని చెప్పుకుంటారే!”

“నా తుపాకీ సంగతి నాకు తెలుసు. పిలిపించు.”

“కోయించండి సార్! పక్కలో అంత చిల్లు ఉండాది!” అని ఎగిరాడు సురేశ్‌బాబు.

ఉదయగిరి నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. మధ్యాహ్నానికల్లా కంచె దగ్గరే పందిని కోసి చూశాడు. గుండు ఒక్కటీ లేదు. పక్కలో ఉన్నది గడ్డపార పోటు, అదీ చచ్చాక పొడిచింది. మూతి మాత్రం నల్లగా కమిలిపోయి ఉంది.

“కరెంటు,” అన్నాడు డాక్టరు.

వరప్రసాదం లేచి కంచె వెంట నడిచాడు. సురేశ్‌బాబు కంచెకు కొత్త తీగ తళతళలాడుతోంది. దాని రెండో కొస మోటారు కొట్టంలో తేలింది.

“బడి పిల్లలు నడిచే గట్టు ఇదేనా?” అని అడిగాడు.

సురేశ్‌బాబును ఎక్కించుకుని జీపు కదలబోతుంటే వెంగమ్మ అడ్డం వెళ్లి చెయ్యి చాచింది.

“నా దొన్నె నాకియ్యి సార్.”

వరప్రసాదానికి నవ్వాగలేదు. “కేసు రాసుకున్నాక తెచ్చిస్తాలేమ్మా. ఇకనైనా కొత్తవి కొనుక్కోరాదూ?”

“దేనికి? అది ఇంకా పదిసార్లు పనికొస్తాది!” అని, జీపులోకి తల పెట్టి, “ఒరేయ్ సురేశా! తిరిగొచ్చి నా గట్టు మీద కాలు పెట్టి చూడు. నీ పేరు చెప్పి ఒక తూటా కట్టి ఉంచతా!” అని అరిచింది. అతను సీటులో ముడుచుకుపోయాడు.

వెంగమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. ఖాళీ తూటాలో మందు పోసింది. ఆరిన దొన్నె ఒకటి తీసి ఊది, లోపల కూర్చోబెట్టింది.

గుండ్లు పోయాల్సిన ఆ దొన్నెలో, నాలుగేళ్లుగా పోస్తున్నట్టే, రెండు చెంచాల ఉప్మారవ్వ పోసి మూత బిగించింది.