చర్మానికి తోడు

రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్తూ గేటు దగ్గర రోజూ మందునీళ్లతో కడిగి కడిగి, సత్యవేణి చేతుల మీద మంచి సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయాయి. వేళ్లు పగిలి పుళ్లు పడ్డాయి. ఆ కాలానికి ఇంటింటా ఫ్రిజ్‌లో పెరుగు తోడు పక్కనే చర్మానికి రాసుకునే సూక్ష్మజీవుల తోడు కూడా ఉండేది. కొన్న తోడు ఏదీ సత్యవేణి చేతుల మీద నిలబడలేదు.

"ఇవి నీ ఒంటికి కొత్తమ్మా. నీతో కలిసి పెరిగినవాళ్ల చర్మం మీద నుంచి తెచ్చినవైతే బతుకుతాయి," అంది డాక్టరు.

కలిసి పెరిగింది అక్క హైమ ఒక్కతే. అమ్మ పోయినప్పుడు జరిగిన గొడవ నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా సత్యవేణి వెనకాడలేదు. తిన్నగా భీమవరం వెళ్లి అక్క తలుపు కొట్టింది.

"నీ ఒంటి మీది సూక్ష్మజీవులు కావాలక్కా."

హైమ చెల్లెలి చేతుల వంక చూసి, జాకెట్టు చెయ్యి పైకి మడిచి మోచెయ్యి చాపింది.

"ఎంత కావాలంటే అంత గీక్కో. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదే, పిచ్చిమొహమా?"

నెల తిరిగేసరికి పుళ్లు మాని కొత్త చర్మం నున్నగా కమ్ముకుంది. చూడ్డానికొచ్చిన హైమకి సత్యవేణి తన చేత్తోనే నిమ్మకాయ పిండి షర్బత్ కలిపింది.

"మండట్లేదూ?"

"లేదు. నీవి కదా, మొండిగా పాతుకుపోయాయి," అంది సత్యవేణి.