గాజుకి పూసిన నలుపు

వన్‌టౌన్‌లో పాత లాంతర్లు కొనే మస్తాన్ వలీ కొట్టుకి, పొద్దుగూకే వేళ తవుడమ్మ ఓ లాంతరు తెచ్చింది. గాజుతో సహా దాని ఒళ్లంతా నల్లరంగు పులిమి ఉంది.

అసలు రంగు తెలిస్తేనే ధర చెప్పగలడు. వలీ కిరసనాయిలు గుడ్డతో, పొగ పోయే పైమూతని రుద్దాడు. నలుపు కింద కంపెనీవాళ్లు వేసిన ఆకుపచ్చ రంగు కొత్తదిలా మెరిసింది. ఒక్క రాత్రి వెలిగించినా అక్కడి రంగు మాడిపోవాలి. గాజు ఎత్తి చూస్తే ఒత్తి కూడా తెల్లగానే ఉంది.

“ఇది ఒక్కసారి కూడా ఎలిగించనేదమ్మా. మంచి రేటొస్తాది.”

“నూనే పొయ్యనేదు బాబూ,” అంది తవుడమ్మ. “రేటు మాకెందుకు? నువ్వుంచీసుకో, సాలు.”

“మరి గాజుకి కూడా రంగెందుకు పూసీసినారు?”

“మా ఆయన పూసీసినాడు. రాత్రేల పిల్లలు బయపడతన్నారని.”

వలీ నవ్వి, లాంతరు ఒళ్లో పెట్టుకుని, గాజు మీద రూపాయి బిళ్లంత మేర తుడిచాడు. లోపల తెల్ల ఒత్తి తప్ప ఏమీ లేదు. హార్బరు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. అంతలో కరెంటు పోయింది.

వీధంతా చీకటి. వలీ అరచేతి మీద మాత్రం రూపాయి బిళ్లంత వెలుగు పడింది.