పైట చెంగు వాసన

బయటి గాలి నేరుగా పీల్చకూడదని సర్కారు తేల్చేసిన ఏడాది, గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే నాంచారమ్మ కూడా గాలిని వడగట్టి వాసన కలిపిచ్చే ఆవిరి గొట్టం కొనక తప్పలేదు.

"ఏ గొట్టం కావాలి పిన్నీ? నోట్లో పెట్టుకునేదా, ముక్కుకు తగిలించేదా? ఆవిరి పుట్టించే కాయిల్ చిన్నదా, పెద్దదా? ఫ్లేవర్లయితే నాలుగొందలున్నాయి" అంది షాపులో అమ్మాయి.

"నాకేం తెలుసమ్మా! ఏ వాసనా లేందివ్వు."

"అది ఆపేశారు పిన్నీ. ఎవరూ కొనట్లేదు."

నాంచారమ్మ ఒక్కోటే పీల్చి చూసింది. పుచ్చకాయ, మీఠా పాన్, ఐసు పుదీనా. మిర్చి ఘాటుకు ముక్కు మొద్దుబారినప్పుడు చేసినట్టే, ప్రతిదాని తర్వాతా పైట చెంగు ముక్కుకు ఆనించుకుంది. చెమట, గంజి, కారం కలిసిన ఆ వాసన తగలగానే ముక్కు తేరుకునేది. ముప్ఫై ఫ్లేవర్లు దాటేసరికి తల తిరిగిపోయింది.

"నాకీ చెంగు వాసనే పెట్టివ్వమ్మా."

అమ్మాయి నవ్వేసి, "కొత్తోళ్లందరికీ ఇదే ఇస్తాం" అంటూ స్ట్రాబెర్రీ బిగించింది.

నెల తిరిగింది. యార్డులో చుట్టూ నలభైమంది ఆడవాళ్లు తీపి ఆవిరి వదులుతుంటే నాంచారమ్మకు మిర్చి ఘాటే తగలడం మానేసింది. గొట్టం తీసేసి, కళ్లు మూసుకుని, పొద్దున్నే గంజి పెట్టి ఆరేసుకున్న చెంగును ముక్కుకు గట్టిగా అదుముకుంది.

చెంగు కూడా స్ట్రాబెర్రీ వాసనే వేసింది.