కోర్నెలిస్ ఊరు

హీటర్ బాగుచేయడానికి వచ్చిన ముసలాయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి తన ఊరి గురించి మొదలుపెట్టాడు.

"హాలండ్‌లో సముద్రం పక్కన చిన్న ఊరు మాది. ఊరి మధ్యలో చర్చి. దానికి ఎదురుగా గాలిమర. ఆ అవతల సముద్రాన్ని ఆపే కట్ట, మూడొందల ఏళ్ళ నాటిది."

భానుమతి వినడం లేదు. టెలిఫోన్ వైపే చూస్తోంది.

అది 1977 నవంబర్. దివిసీమను ఉప్పెన ముంచేసి నాలుగు రోజులైంది. భానుమతి మూడేళ్ళ కూతురు మీనా అక్కడే, అక్క జయంతి దగ్గర ఉంది. అమెరికాలో, ఈ పార్సిప్పనీలో తన డాక్టరు ట్రైనింగ్, రెసిడెన్సీ అయ్యేదాకా పిల్లని అక్క దగ్గర ఉంచుదామని తనే అంది. ఇప్పుడా మాట తలుచుకుంటే తన నోరు తనే నొక్కేసుకోవాలనిపిస్తోంది.

"లైన్లు లేవట భానూ. ఆపరేటర్ మళ్ళీ ట్రై చేస్తానంది," అన్నాడు భర్త జగన్మోహన్.

"మీ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయినది ఏది? మా ఊళ్ళో అయితే చర్చి గోపురం," అన్నాడు ముసలాయన.

అతని పేరు కోర్నెలిస్. ఆ అపార్ట్‌మెంట్లలో కుళాయిలు, హీటర్లు చూస్తుంటాడు. సమయం సందర్భం లేని ఆ వాగుడికి భానుమతికి ఒళ్ళు మండింది.

"పనైపోతే వెళ్ళండి," అంది.

పదో రోజున టెలిగ్రాం వచ్చింది. చనిపోయినవాళ్ళ లిస్ట్‌లో జయంతి, ఆమె భర్త, మీనా ఉన్నారు.

"నేను వెళ్తాను. టికెట్ బుక్ చేయండి."

"వెళ్ళి ఏం చూస్తావు? అందర్నీ ఒకేచోట..." జగన్మోహన్ మాట పూర్తిచేయలేకపోయాడు.

పెద్దవాళ్ళని ఫోన్‌లో అడిగి మూడు రోజుల మైల పట్టారు. రెండో రోజు, సంగతి విని కోర్నెలిస్ తలుపు తట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ లిస్ట్ ఎవరు రాశారు?" అని అడిగాడు.

భానుమతి తెల్లబోయింది.

"పాపని ఎవరైనా కళ్ళతో చూశారా? యాభైమూడులో మా ఊరిమీదా సముద్రం పడింది. మా చర్చి వెనక..."

"మేం మైలలో ఉన్నాం! ఈ గుమ్మంలో చావు కబుర్లు చెప్పకండి!"

మొహాన తలుపు వేసేసింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి జగన్మోహన్ అడ్డుపడ్డాడు. "ఇంకోసారి వస్తే మేనేజర్‌కి కంప్లైంట్ చేస్తాను," అన్నాడు. అన్నవాడు చేశాడు కూడా. కోర్నెలిస్ ఇక రాలేదు.

మార్చిలో మరిది కృష్ణమోహన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"వదినా, ఒక శిబిరంలో జనవరి దాకా మూడేళ్ళ పాప ఉందట. పేరు మీనా అనీ, అమ్మ అమెరికాలో డాక్టరమ్మ అనీ చెప్పేదట. లిస్ట్‌లో పేరు చూసి మనం ఎవరమూ వెతకలేదు. పెంచుకుంటామని ఎవరో తీసుకెళ్ళారు. శిబిరం ఎత్తేశారు. తీసుకెళ్ళింది ఎవరో ఎక్కడా రాసిలేదు."

ఇద్దరూ పరుగున వెళ్ళారు. నెల్లాళ్ళు ఊరూరా తిరిగారు. కనిపించిన ప్రతి ఆడపిల్లనీ ఆపి మొహం చూశారు. ఒట్టిచేతులతో తిరిగొచ్చారు.

ఆ లిస్ట్ ఎవరు రాశారన్న ప్రశ్న భానుమతిని వదల్లేదు. ఒకరోజు మేనేజర్ దగ్గరికి వెళ్ళింది.

"కోర్నెలిస్‌తో మాట్లాడాలి."

"ఫిబ్రవరిలో పోయాడండీ. గుండెపోటు. నా అన్నవాళ్ళు లేరు." మేనేజర్ సొరుగులోంచి ఒక కవరు తీశాడు. "మీకివ్వమన్నాడు. మీరు కంప్లైంట్ చేశారు కదా, ఎందుకులే అని నేనే ఇవ్వలేదు."

కవర్లో పాత ఫొటో ఉంది. చర్చి వెనక నిలువెత్తు నల్లరాయి. 1953 ఉప్పెనలో చనిపోయినవాళ్ళ పేర్లు దానిమీద వరసగా చెక్కి ఉన్నాయి. రాయి పక్కన నిలబడి, ఒక పేరు మీద వేలు పెట్టి, పడీపడీ నవ్వుతున్నాడు కోర్నెలిస్.

భానుమతి ఫొటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ వేలి కింద ఉన్నది అతని పేరే.