వణకని గొంతు

జపాను రైలు డ్రైవర్లు సిగ్నల్‌కేసి వేలు చూపించి పైకి చెప్పే అలవాటు ఇప్పుడు మందులు వేసుకునే ప్రతి ఇంటికీ వచ్చింది. మాత్ర వేసుకున్నాక పైకి చెప్పే ఆ మాటను అక్కడి పరిశోధకులు చేసిన పెట్టె విని, డాక్టరు కోసం లెక్క రాసుకుంటుంది. గొంతు వణికితే అబద్ధమని ఎర్రదీపం వెలిగిస్తుంది.

వకుళ సంగీతం టీచరు. క్యాన్సర్ మాత్రతో వచ్చే వాంతులు తట్టుకోలేక భర్త పరాంకుశం "ఈ ఒక్కపూటకీ వదిలెయ్యవే" అని బతిమాలినప్పుడల్లా, మాత్ర చెత్తబుట్టలో పడేసి, ఖాళీ రేకుకేసి వేలు చూపించి "వేసుకున్నారు" అనేది. పాతికేళ్లు పిల్లలకు శ్రుతి నేర్పిన గొంతు, వణికేది కాదు. పచ్చదీపం వెలిగేది.

మూడు నెలలకు డాక్టరు పెదవి విరిచాడు. "ఒక్క మాత్రా తప్పలేదంటోంది పెట్టె. అయినా గడ్డ పెరిగిందమ్మా. ఈ మందు ఆపేద్దాం."

పరాంకుశం తల దించుకున్నాడు.

"ఆపకండి డాక్టరుగారూ! సగం మాత్రలు నేనే పారేశాను," అంది వకుళ వణికే గొంతుతో.

ఇంటినుంచి తెచ్చి డాక్టరు బల్లమీద పెట్టిన పెట్టెలో ఎర్రదీపం వెలిగింది.

"మీ బాధ నాకు తెలుసమ్మా," అంటూ డాక్టరు చీటీలో ఆ మందు పేరు కొట్టేశాడు.